భాగం – 7 : అన్వేషణ ఆటలో నియమం, కథ – ‘ఆరియా ఆఫ్ సారో’ పరిశీలన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఆట నేపథ్యం
7.3 కోట నిర్మాణం : తాళం, తాళంచెవి
7.4 ఆత్మల పద్ధతి
7.5 నియమమే కథగా మారడం
7.6 ఈ ఆటలోని పరిమితులు
7.7 అభ్యాసం : ధరణికోట మ్యాప్
7.8 సారాంశం
7.9 ముఖ్య పదాలు
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :

• అన్వేషణ ఆట అంటే ఏమిటో, అది వరసగా దశలు దాటుకుంటూ పోయే ఆటకు ఎలా భిన్నమో చెప్పగలుగుతారు.
• ఆటలోని ‘తాళం – తాళంచెవి’ నిర్మాణాన్ని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఆత్మల పద్ధతి పనిచేసే తీరును, అందులో సంభావ్యత పాత్రను విశ్లేషించగలుగుతారు.
• ఆట నియమాలు కథార్థాన్ని ఎలా మోస్తాయో చర్చించగలుగుతారు.
• మీకు తెలిసిన ఒక స్థలం ఆధారంగా చిన్న అన్వేషణ మ్యాప్‌ను కాగితం మీద రూపొందించగలుగుతారు.

7.1 పరిచయం

వీడియో గేమ్‌లో కథ ఎక్కడ ఉంటుంది? పాత్రలు మాట్లాడుకునే సంభాషణల్లో, మధ్యమధ్య వచ్చే దృశ్యాల్లో ఉంటుందని చాలామంది జవాబు చెబుతారు. ఈ జవాబు సగమే సరైనది. సినిమా చూసే ప్రేక్షకుడు కథను చూస్తాడు. ఆట ఆడేవాడు కథలో పనులు చేస్తాడు. ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో, చేస్తే ఏం దక్కుతుందో నిర్ణయించేవి నియమాలు. కాబట్టి ఆటలో నియమాలు కూడా కథ చెబుతాయి. కొన్ని ఆటల్లో సంభాషణలు చెప్పని సంగతిని నియమాలే ముందుగా చెప్పేస్తాయి.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపే ఆట ‘క్యాసిల్‌వేనియా : ఆరియా ఆఫ్ సారో’. జపాన్‌కు చెందిన కొనామి సంస్థ దీన్ని 2003 మే నెలలో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి పరికరం కోసం విడుదల చేసింది. నిర్మాత కోజి ఇగరాషి. పాత్రల చిత్రాలు అయామి కొజిమా గీశారు. సంగీతం కూర్చినవారిలో మిచిరు యమానే ముఖ్యులు.

గమనిక : ఈ ఆట ముగింపు రహస్యాన్ని 7.5లో చర్చిస్తున్నాం. అది తెలియకుండా ఆట నిర్మాణాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. ముందుగా ఆడి చూడాలనుకునేవారు 7.4 వరకు చదివి ఆగవచ్చు.

7.2 ఆట నేపథ్యం

7.2.1 గాథిక్ కోట

పాడుబడిన కోట, మూసిన గదులు, పాత పాపం, వంశాన్ని వెంటాడే శాపం – ఇవి గాథిక్ కథల లక్షణాలు. ఇంగ్లీషులో హొరేస్ వాల్పోల్ 1764లో ప్రచురించిన ‘ద క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ను ఈ తరహా నవలలకు ఆరంభంగా చెబుతారు. బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’ 1897లో వచ్చింది. ఆ డ్రాక్యులాను తీసుకుని కొనామి 1986లో ‘క్యాసిల్‌వేనియా’ ఆటల వరసను మొదలుపెట్టింది.

ఇలాంటి లోకం మనకు కొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు కోట ఉంది. అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. కత్తి ఎంత పదునైనదైనా ఫకీరు చావడు. చిలుక దొరికితేనే చస్తాడు. అంటే గెలుపుకు బలం కాక ఒక షరతు ఉంది. ఆ షరతును ముందుగా కనిపెట్టాలి. ఈ సంగతిని గుర్తుంచుకోండి. 7.5లో దీని అవసరం వస్తుంది.

7.2.2 వరస దశల నుంచి అన్వేషణకు

తొలి క్యాసిల్‌వేనియా ఆటల్లో చాలావరకు వరస దశల ఆటలే. ఒక దశ దాటితే తరువాతి దశ వస్తుంది. వెనక్కి వెళ్లే పని ఉండదు. 1997లో ప్లేస్టేషన్ కోసం వచ్చిన ‘సింఫనీ ఆఫ్ ద నైట్’ ఈ పద్ధతిని మార్చింది. అందులో కోట అంతా ఒకే పెద్ద మ్యాప్. ఆటగాడు ముందుకూ వెనక్కూ తిరుగుతూ దారులు వెతుక్కోవాలి. శత్రువులను ఓడించిన కొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది. నింటెండో 1986లో తెచ్చిన ‘మెట్రాయిడ్’లోనూ ఇలాంటి అన్వేషణే ఉంది. ఆ రెండు పేర్లు కలిపి ఈ తరహా ఆటలను ‘మెట్రాయిడ్‌వేనియా’ అని పిలుస్తున్నారు. ఈ భాగంలో మనం ‘అన్వేషణ ఆట’ అనే మాట వాడుతున్నాం.

7.2.3 చేతి పరికరం పెట్టిన హద్దులు

గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001లో వచ్చింది. తెర కొలత 240 × 160 చుక్కలు మాత్రమే. మొదటి నమూనా తెరకు సొంత వెలుతురు లేదు. కిటికీ దగ్గరో దీపం కిందో కూర్చుని ఆడాల్సి వచ్చేది. చీకటి కోటల ఆటకు ఇది పెద్ద చిక్కు. 2001లో ఇదే పరికరం కోసం వచ్చిన ‘సర్కిల్ ఆఫ్ ద మూన్’లో బొమ్మలు సరిగా కనిపించడం లేదని ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. 2002లో వచ్చిన ‘హార్మనీ ఆఫ్ డిసొనెన్స్’లో రంగుల వెలుగు పెంచారు. 2003లో ‘ఆరియా’ వచ్చేనాటికి తెర ముందు దీపం ఉన్న ఎస్‌పీ నమూనా మార్కెట్లో ఉంది.

మీటలు కూడా తక్కువే. దిక్కుల మీట, ఎ, బి, ఎల్, ఆర్, స్టార్ట్, సెలెక్ట్ – అంతే. ‘ఆరియా’లో ఎ నొక్కితే దూకడం, బి నొక్కితే ఆయుధంతో కొట్టడం, ఎల్ నొక్కితే వెనక్కి జరగడం, ఆర్ నొక్కితే రక్షక ఆత్మను పిలవడం. పై దిక్కు మీటతో పాటు బి నొక్కితే దాడి ఆత్మ బయటికి వస్తుంది. ఇన్ని శక్తులున్న ఆట ఇన్ని తక్కువ మీటల్లో ఇమిడిన తీరును రూపకర్తలు శ్రద్ధగా గమనించాలి.

చేతి పరికరం మీద ఆడేవారు బస్సులోనో భోజన విరామంలోనో కొద్దిసేపు ఆడి పక్కన పెడతారు. అందుకు తగినట్టు కోటలో అక్కడక్కడా సేవ్ గదులు ఉన్నాయి. అక్కడ ఆట భద్రమవుతుంది; పాత్ర ప్రాణశక్తి మళ్లీ నిండుతుంది. దూరపు ప్రాంతాల మధ్య క్షణంలో మారడానికి వార్ప్ గదులు ఉన్నాయి. అడుగుపెట్టిన గదులు మ్యాప్‌లో చిన్న చిన్న గళ్లుగా నిండుతూ వస్తాయి. నిన్న ఎక్కడ ఆపామో మరిచిపోయినా మ్యాప్ తెరిస్తే తెలుస్తుంది.

7.3 కోట నిర్మాణం : తాళం, తాళంచెవి

అన్వేషణ ఆటలో అసలైన తాళాలు తలుపులకు ఉండవు. నేల ఆకృతిలో ఉంటాయి. అందని ఎత్తులో ఉన్న అరుగు ఒక తాళం. దాటలేని నీరు మరో తాళం. తాళంచెవి పాత్ర సంపాదించే కొత్త సామర్థ్యం.

‘ఆరియా’ నుంచి కొన్ని ఉదాహరణలు చూడండి :

• ఎత్తైన అరుగు – మాల్ఫస్ ఆత్మ దొరికితే గాలిలో ఉండగానే రెండోసారి దూకవచ్చు.
• వెడల్పైన అగాధం – ఫ్లయింగ్ ఆర్మర్ ఆత్మతో మెల్లగా తేలుతూ దిగి అవతలి ఒడ్డు చేరవచ్చు.
• నీటి ఉపరితలం – అన్‌డీన్ ఆత్మతో నీటి మీద నడవవచ్చు.
• నీటి అడుగు – స్కులా ఆత్మతో మునిగి అడుగున నడవవచ్చు.
• ఇంకా ఎత్తైన గోడ – హిప్పోగ్రిఫ్ ఆత్మతో ఒక్క ఊపున పైకి ఎగరవచ్చు.

ఈ నిర్మాణంలో రెండు సూత్రాలు ఉన్నాయి.

మొదటిది : తాళాన్ని ముందు చూపాలి, చెవిని తరువాత ఇవ్వాలి. అందని అరుగును ముందే చూసినవాడికి అది మనసులో మిగిలిపోతుంది. రెండోసారి దూకే శక్తి దొరకగానే ‘అక్కడికి వెళ్లి చూద్దాం’ అనిపిస్తుంది. ఆ కోరిక ఆటగాడిలో తనంతట పుట్టింది. తెర మీద ఏ బాణం గుర్తూ అతన్ని అటు పంపలేదు. చెవిని ముందే ఇచ్చి తాళాన్ని తరువాత చూపిస్తే ఆటగాడు ఆగకుండా దాటిపోతాడు. అక్కడ అడ్డంకి ఉందన్న సంగతి కూడా అతనికి తెలియదు.

రెండోది : ఒక చెవి అనేక తాళాలు తీయాలి. నీటి మీద నడిచే శక్తి ఒక్క మడుగుకే పనికొస్తే అది మామూలు తలుపు తాళంచెవితో సమానం. ఇంతకుముందు తిరిగిన మూడు నాలుగు చోట్ల కొత్త దారి తెరిస్తే, చూసిన కోటే మళ్లీ కొత్తగా కనిపిస్తుంది. చిన్న కార్ట్రిడ్జ్‌లో పెద్ద లోకం ఉన్నట్టు అనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఒకే గదిని ఆటగాడు మూడు సార్లు, మూడు వేర్వేరు సామర్థ్యాలతో దాటుతాడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

1. వరస దశల ఆటకు, అన్వేషణ ఆటకు ఉన్న ముఖ్య భేదం ఏమిటి?
2. ‘తాళాన్ని ముందు చూపాలి’ అనడానికి కారణం ఏమిటి?

7.4 ఆత్మల పద్ధతి

7.4.1 నాలుగు రకాలు

కథానాయకుడు సోమా క్రూజ్ అనే విద్యార్థి. 2035లో జపాన్‌లో సూర్యగ్రహణం నాడు స్నేహితురాలు మినా హకుబా ఉండే దేవాలయానికి మెట్లెక్కుతూ, గ్రహణంలో బంధించి ఉన్న డ్రాక్యులా కోటలోకి వచ్చి పడతాడు. అక్కడ ఓడించిన రాక్షసుల ఆత్మలు తనలోకి చేరుతున్నాయని గ్రహిస్తాడు. ఆటలో 100కు పైగా ఆత్మలు ఉన్నాయి. అవి నాలుగు రకాలు :

(అ) దాడి ఆత్మలు, ఎరుపు : వాడిన ప్రతిసారీ కొంత మంత్రశక్తి ఖర్చవుతుంది. ఆ రాక్షసుడు చేసిన దాడినే సోమా చేస్తాడు.
(ఆ) రక్షక ఆత్మలు, నీలం : పనిచేస్తున్నంతసేపూ మంత్రశక్తి కరుగుతూ ఉంటుంది.
(ఇ) ప్రభావ ఆత్మలు, పసుపు : ధరిస్తే చాలు, ఖర్చు లేకుండా పనిచేస్తాయి. బలం పెంచడం, దెబ్బలు తగ్గించడం వంటివి.
(ఈ) సామర్థ్య ఆత్మలు, బూడిద రంగు : ఒకసారి దొరికితే సొంతం. 7.3లో చెప్పిన తాళంచెవుల్లో కొన్ని ఇవే.

మొదటి మూడు రకాల్లో ఒక్కొక్కటి మాత్రమే ఒకసారి ధరించగలం. ఈ హద్దు వల్లనే ఆటలో ఆలోచన పుడుతుంది. దొరికినవన్నీ ఒకేసారి వాడగలిగితే ఎంపిక అనేదే ఉండదు. ఎంపిక లేనిచోట ఆటగాడి తెలివికి పని ఉండదు.

7.4.2 సంభావ్యత లెక్క

శత్రువును ఓడించిన ప్రతిసారీ ఆత్మ దొరకదు. అది అవకాశం మీద ఆధారపడి ఉంటుంది. పాత్రకు ‘అదృష్టం’ అనే గుణం ఉంది. అది పెరిగితే అవకాశం కొంత పెరుగుతుంది. ఈ లెక్క అర్థం కావడానికి, ఒక శత్రువు నుంచి ఆత్మ దొరికే అవకాశం 5 శాతం అని ఊహిద్దాం. ఇది ఉదాహరణకు తీసుకున్న సంఖ్య మాత్రమే.

ఒకసారి దొరక్కపోయే అవకాశం 0.95. వరసగా 20 సార్లు దొరక్కపోయే అవకాశం 0.95ను 20 సార్లు గుణిస్తే వచ్చే 0.36. అంటే 20 మందిని ఓడించేలోగా కనీసం ఒక ఆత్మ దొరికే అవకాశం సుమారు 64 శాతం. 5 శాతం అంటే 20లో ఒకటి కదా, 20 మందిని ఓడిస్తే తప్పక దొరుకుతుందని అనుకోవడం పొరపాటు. 95 శాతం నమ్మకం కావాలంటే దాదాపు 60 మందిని ఓడించాలి. 40 సార్లు దొరక్కపోయినా 41వసారి అవకాశం అదే 5 శాతం. ముందరి వైఫల్యాలను యంత్రం లెక్కపెట్టుకోదు.

రూపకర్త బాధ్యత ఇక్కడ మొదలవుతుంది. ‘ఇంకొక్కసారి’ అనిపించే ఈ గుణం ఆటగాడి సమయాన్ని తినేయగలదు. ఇవాళ ఫోన్‌లో వచ్చే కొన్ని ఆటలు ఇదే గుణాన్ని డబ్బు రాబట్టడానికి వాడుతున్నాయి. ఒక్కో ప్రయత్నానికి ఒక్కో ధర. ‘ఆరియా’లో కొన్న తరువాత మళ్లీ డబ్బు కట్టే పని లేదు. దారి తెరిచే కీలక ఆత్మలు చాలా వరకు నిర్ణీత చోట్ల ఉంటాయి కాబట్టి మామూలుగా ముందుకు సాగడానికి అదృష్టం అడ్డు రాదు. పైగా రెండు పరికరాలను కేబుల్‌తో కలిపి స్నేహితులు ఆత్మలను ఇచ్చిపుచ్చుకోవచ్చు. అవకాశాన్ని వాడడం తప్పు కాదు. దేనికి వాడుతున్నామన్నదే ప్రశ్న.

7.5 నియమమే కథగా మారడం

ఆట చివరి ప్రాంతంలో గ్రాహం జోన్స్ అనే వ్యక్తి ఎదురవుతాడు. 1999లో డ్రాక్యులా పూర్తిగా నశించాడని, అదే రోజు పుట్టిన తానే అతని వారసుడినని గ్రాహం నమ్మకం. అతన్ని ఓడిస్తే ఆట ముగుస్తుంది. కానీ ఆ ముగింపు అసంపూర్ణం.

పూర్తి ముగింపుకు ఒక షరతు ఉంది. గ్రాహంను ఓడించే సమయంలో సోమా మూడు నిర్దిష్ట ఆత్మలు ధరించి ఉండాలి :

• ఫ్లేమ్ డీమన్ – దాడి ఆత్మ – నిప్పులు విసిరే శక్తి.
• జెయంట్ బ్యాట్ – రక్షక ఆత్మ – గబ్బిలంగా మారే శక్తి.
• సక్యుబస్ – ప్రభావ ఆత్మ – శత్రువును కొట్టినప్పుడు అతని ప్రాణశక్తిని పీల్చుకునే శక్తి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. నిప్పులు విసిరేవాడు, గబ్బిలంగా మారేవాడు, రక్తం తాగేవాడు ఎవరు? మూడు ఖాళీల్లో మూడు ఆత్మలు నింపినప్పుడు తెర మీద ఉన్నది డ్రాక్యులా. ఆ క్షణంలోనే సోమాకు నిజం తెలుస్తుంది. డ్రాక్యులా పునర్జన్మ గ్రాహం కాదు, తానే.

దీని బలం ఎక్కడుందో గమనించండి. ఈ రహస్యాన్ని ఒక పాత్ర మాటల్లో చెప్పి ఉంటే మనం విని ఊరుకునేవాళ్లం. ఇక్కడ ఆ వేషాన్ని ఆటగాడే తన చేతులతో తొడిగాడు. కోటలో దొరికే పాత పుస్తకాలు మూడు ఆత్మలకు సూచనలు ఇస్తాయి. ఆ సూచనలను విప్పి, రాక్షసులను పదేపదే ఓడించి, ఆత్మలను పోగుచేసినవాడు ఆటగాడు. ఆట మొదటి గంట నుంచీ అతను సంతోషంగా చేస్తున్న పని – ఇతరుల ఆత్మలను తనవి చేసుకోవడం – నిజానికి దుష్టరాజు చేసే పని. నియమం ఆ సంగతిని ప్రతి నిమిషం చెబుతూనే ఉంది. మనం దాన్ని బహుమతి అనుకున్నాం.

ఇప్పుడు మాయల ఫకీరు చిలుకను గుర్తు చేసుకోండి. అక్కడ గెలుపు షరతు శత్రువు ప్రాణం దాచిన చోటులో ఉంది. ఇక్కడ గెలుపు షరతు నాయకుడి లోపలే ఉంది. చిలుకను వెతుక్కుంటూ సముద్రాలు దాటిన బాలవర్ధిరాజు ఫకీరుగా మారడు. శక్తిని వెతుక్కుంటూ కోట అంతా తిరిగిన సోమా మాత్రం తాను ఎదిరించాల్సినవాడి అంచు దాకా వెళతాడు. ఆ తరువాతి పోరాటం ఆ అంచు దాటకుండా ఉండడానికి.

ఇందులో నేర్చుకోవలసిన సూత్రం ఇది : ఆటలో ఆటగాడు ఎక్కువసార్లు చేసే పని ఏదో దాని చుట్టూ కథను అల్లాలి. కథ ఒకటి చెబుతూ, నియమం మరొకటి చేయిస్తే ఆటగాడు నియమాన్నే నమ్ముతాడు. శాంతి గురించి ఎన్ని సంభాషణలు రాసినా, చంపితేనే పాయింట్లు ఇచ్చే ఆట శాంతిని బోధించలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

3. ఒక్కో రకం ఆత్మను ఒకటే ధరించాలన్న హద్దు వల్ల ప్రయోజనం ఏమిటి?
4. మూడు ఆత్మల షరతు కథకు ఎలా తోడ్పడింది?

7.6 ఈ ఆటలోని పరిమితులు

ఏ ఆటనైనా మెచ్చుకోవడంతో ఆపకూడదు. ‘ఆరియా’లో రెండు పరిమితులు చెప్పుకోదగినవి.

ఒకటి, పూర్తి ముగింపుకు కావలసిన ఫ్లేమ్ డీమన్, సక్యుబస్ ఆత్మలు శత్రువులను ఓడిస్తూ సంపాదించాల్సినవి. సూచన అర్థం చేసుకున్నవాడికి కూడా అదృష్టం కలిసి రాకపోవచ్చు. తెలివికి దక్కాల్సిన ఫలాన్ని అవకాశం చేతిలో పెట్టడం న్యాయమేనా అని అడగవచ్చు.

రెండు, మొదటి ముగింపు చూసిన చాలామంది ఆట అయిపోయిందనే అనుకుంటారు. పుస్తకాలు చదవని ఆటగాడికి ఆట సారమే అందదు. రహస్యాన్ని లోతుగా దాచడానికి, ఎక్కువమందికి చేర్చడానికి మధ్య రూపకర్త ఎక్కడ నిలబడాలన్నది నేటికీ చర్చనీయాంశమే.

ఈ కథకు కొనసాగింపుగా ‘డాన్ ఆఫ్ సారో’ 2005లో నింటెండో డీఎస్ కోసం వచ్చింది. 2021లో విడుదలైన ‘క్యాసిల్‌వేనియా అడ్వాన్స్ కలెక్షన్’లో ‘ఆరియా’ కూడా ఉంది. పాత పరికరం లేనివారు కంప్యూటర్ మీద అధికారికంగా దీన్ని ఆడి చూడవచ్చు.

7.7 అభ్యాసం : ధరణికోట మ్యాప్

అన్వేషణ మ్యాప్ గీయడానికి విదేశీ కోటే కావాలని లేదు. పల్నాడు జిల్లాలో అమరావతి పక్కన, కృష్ణ కుడి ఒడ్డున ఉన్న ధరణికోటను తీసుకుందాం. ఇదే పూర్వపు ధాన్యకటకం. శాతవాహనుల ప్రధాన నగరాల్లో ఒకటి. సమీపంలోనే అమరావతి మహాచైత్యం ఉంది. 1962–65 మధ్య భారత పురావస్తు సర్వేక్షణ శాఖ జరిపిన తవ్వకాల్లో ఇక్కడ మట్టి ప్రాకారం, పడవలు నడిచిన కాలువ, దాని ఒడ్డున రేవు కట్టడం బయటపడ్డాయి. ఆ తరువాతి శతాబ్దాల్లో కోట వంశపు రాజులు ఇక్కడి నుంచి పాలించారు. కాకతీయ గణపతిదేవుని కుమార్తె గణపాంబ ఈ వంశపు కోడలు.

ఒకే స్థలంలో అనేక కాలాలు పొరలుగా ఉండడం రూపకర్తకు వరం. ఇవాళ ప్రాకారపు దిబ్బ కనిపిస్తుంది. పడవల కాలువ కనిపించదు. కాలం మార్చే శక్తి ఆటగాడికి ఉందనుకోండి. నేటి కాలంలో దిబ్బ అడ్డం వచ్చిన చోట, పాత కాలంలో కాలువ మీద పడవ నడుస్తుంది. దిబ్బ తాళం, కాలం మార్చే శక్తి తాళంచెవి.

చేయవలసిన పని :

1. గళ్ల కాగితం మీద 12 గదుల మ్యాప్ గీయండి. నది, రేవు, కాలువ, ప్రాకార ద్వారం, వర్తకుల వీధి, చైత్యానికి పోయే దారి అందులో ఉండాలి.
2. మూడు తాళాలు, మూడు చెవులు నిర్ణయించండి. ప్రతి తాళం దాని చెవి కంటే ముందే కనిపించాలి.
3. ప్రతి చెవి కనీసం రెండు చోట్ల పనికి రావాలి.
4. రెండు సేవ్ గదులు పెట్టండి. వాటి మధ్య నడక అయిదు గదులు మించకూడదు.
5. మీ ఆటలో ఆటగాడు ఎక్కువసార్లు చేసే పని ఏది? అది మీ కథ చెప్పే విషయానికి తోడ్పడుతుందా, అడ్డుపడుతుందా? 10 వాక్యాల్లో రాయండి.

సూచన : చరిత్రలో తేలిన అంశాలను ఒక రంగుతోను, మీ కల్పనను వేరొక రంగుతోను గుర్తించండి. ఇది ప్రజల వారసత్వ స్థలం. మహాచైత్యం నేటికీ పవిత్ర క్షేత్రం. అక్కడ రాక్షసులను నిలబెట్టి కొట్టించే ఆట రాసేముందు 7.5లోని సూత్రాన్ని మళ్లీ చదవండి. కొట్టడం బదులు రాతి పలకల్లో విరిగిన బొమ్మలను జత చేయడం, చెరిగిన అక్షరాలను చదవడం వంటి పనులు పెడితే మీ ఆట ఏం చెబుతుందో ఆలోచించండి.

7.8 సారాంశం

అన్వేషణ ఆటలో లోకం అంతా ఒకే మ్యాప్. అడ్డంకులు తాళాలు, పాత్ర పొందే సామర్థ్యాలు తాళంచెవులు. తాళం ముందు కనిపించి, చెవి తరువాత దొరికి, ఒక్క చెవి అనేక తాళాలు తీసినప్పుడు ఆటగాడిలో వెతకాలన్న కోరిక సహజంగా పుడుతుంది. ‘ఆరియా ఆఫ్ సారో’ చేతి పరికరపు చిన్న తెర, తక్కువ మీటల హద్దుల్లో ఈ నిర్మాణాన్ని సాధించింది. అందులోని ఆత్మల పద్ధతి ఆటగాడికి ఆనందం ఇస్తూనే నాయకుడి అసలు రూపాన్ని బయటపెట్టింది. ఆటగాడి చేత ఏం చేయిస్తున్నామో అదే మన ఆట చెప్పే మాట.

7.9 ముఖ్య పదాలు

అన్వేషణ ఆట : ఒకే పెద్ద మ్యాప్‌లో ముందుకూ వెనక్కూ తిరుగుతూ దారులు తెరుచుకునే ఆట.
సామర్థ్యం : పాత్రకు కొత్తగా వచ్చే, దారి తెరిచే శక్తి.
మంత్రశక్తి : ఆత్మలను వాడినప్పుడు ఖర్చయ్యే, మళ్లీ నిండే నిల్వ.
సేవ్ గది : ఆట స్థితిని భద్రపరిచే చోటు.
వార్ప్ గది : దూరపు ప్రాంతాల మధ్య వెంటనే మారడానికి వీలు కల్పించే చోటు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబులు

1. వరస దశల ఆటలో వెనక్కి వెళ్లే పని ఉండదు. అన్వేషణ ఆటలో చూసిన చోటికే కొత్త శక్తితో తిరిగి వెళ్లాలి.
2. ముందే చూసిన అడ్డంకి గుర్తుండిపోయి, శక్తి దొరకగానే తిరిగి వెళ్లాలన్న కోరిక ఆటగాడిలో తనంతట పుడుతుంది.
3. అన్నీ ఒకేసారి వాడలేకపోవడం వల్ల సందర్భానికి తగిన ఎంపిక చేయాల్సి వస్తుంది.
4. ఆటగాడే మూడు ఆత్మలతో డ్రాక్యులా రూపాన్ని తయారుచేస్తాడు. అందువల్ల నాయకుడి రహస్యం అతనికి స్వానుభవంగా తెలుస్తుంది.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ‘ఆరియా ఆఫ్ సారో’లో నియమాలు కథార్థాన్ని మోసే తీరును వివరించండి.
2. అన్వేషణ ఆటలోని తాళం – తాళంచెవి నిర్మాణాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. చేతి పరికరపు హద్దులు ఆట రూపకల్పనను ఎలా ప్రభావితం చేశాయి?
2. ఒక ఆత్మ దొరికే అవకాశం 10 శాతం అనుకుంటే, 10 మందిని ఓడించేలోగా అది కనీసం ఒకసారి దొరికే అవకాశం ఎంత? లెక్క చూపి, ఫలితాన్ని వ్యాఖ్యానించండి.
3. ఆటల్లో అవకాశం మీద ఆధారపడే బహుమతుల విషయంలో రూపకర్త బాధ్యత ఏమిటి?